రాగి బోస్టన్‌కు, ఇసుక సరస్సుకు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సులోకి చూపుడువేలులా పొడుచుకొచ్చిన నేల కీవెనా ద్వీపకల్పం. హోటన్, కీవెనా కౌంటీలు ఇక్కడివే. మాస్టర్స్ చదువుకు మిషిగన్ టెక్‌లో చేరిన తెలుగు పిల్లల్ని అడిగితే హోటన్ అంటే ముందు మంచు గురించే చెబుతారు. చలిగాలి 82 వేల చదరపు కిలోమీటర్ల సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, గట్టు తగలగానే మంచుగా కుమ్మరిస్తుంది. 1978-79 శీతాకాలంలో కీవెనా కౌంటీలో 390 అంగుళాల మంచు కురిసింది. అంటే దాదాపు పది మీటర్లు. మన పిల్లలు చదివే ఆ విద్యాసంస్థ 1885లో మైనింగ్ స్కూల్‌గా పుట్టింది. చుట్టూ రాగి గనులుండటమే అందుకు కారణం.

ఇక్కడి రాగికి ఒక ప్రత్యేకత ఉంది. చాలాచోట్ల రాగి ఖనిజాన్ని కరిగించి లోహం తీయాలి. ఇక్కడ రాతి పగుళ్లలో లోహం లోహంగానే దొరికేది. స్థానిక ఆదివాసులు వేల ఏళ్ల కిందటే దాన్ని సుత్తిరాళ్లతో కొట్టి పనిముట్లు చేసుకున్నారు. 1841లో రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ హోటన్ ఈ రాగి గురించి నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే లా పాయింట్ ఒప్పందంతో ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజల నుంచి ఈ నేల అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లింది. భూమి వదులుకున్నా, వేటాడే హక్కునూ చేపలు పట్టే హక్కునూ ఒజిబ్వేలు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఈ సంగతితో తర్వాత మనకు పని ఉంది. హోటన్ మాత్రం 1845లో అదే సరస్సులో తుపానుకు పడవ బోల్తాపడి, 36 ఏళ్లకే చనిపోయారు.

ఆ తర్వాత వందేళ్లకు పైగా ఇక్కడ తవ్వకాలు సాగాయి. 1887 దాకా అమెరికాలో రాగి ఉత్పత్తికి ఈ ప్రాంతమే పెద్దదిక్కు. పెట్టుబడిలో పెద్ద భాగం బోస్టన్‌ది కాబట్టి లాభాలూ అక్కడికే వెళ్లాయి. పనికి మాత్రం ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి, ఫిన్లాండ్, ఇటలీ, క్రొయేషియాల నుంచి మనుషులు వచ్చారు. కాల్యుమెట్ అండ్ హెక్లా అనే గని కంపెనీ నీడలో ఇళ్లు, బడి, ఆస్పత్రి, లైబ్రరీ చాలావరకు కంపెనీ చలవే. నోరెత్తితే ఉద్యోగంతో పాటు నెత్తిమీద కప్పూ పోయే ఏర్పాటు అది. దాన్ని దయ అని రాసిన చరిత్రలు చాలానే ఉన్నాయి. మాకు ఆ మాట మింగుడుపడదు.

ఎందుకంటే 1913 వచ్చింది. ఇద్దరు పట్టే డ్రిల్లు స్థానంలో కంపెనీలు ఒక్కడే నడిపే డ్రిల్లును దించాయి. చీకట్లో, పక్కన మరో మనిషి లేనిచోట రాయి మీద పడితే పిలవడానికీ దిక్కుండదు. భార్యల్ని విధవల్ని చేసే మిషన్ అని కార్మికులు దానికి పేరు పెట్టారు. ఆ డ్రిల్లు వద్దని, ఎనిమిది గంటల పని, రోజుకు 3 డాలర్ల కూలి కావాలని జులైలో సమ్మెకు దిగారు. డిసెంబర్ 24న కాల్యుమెట్‌లోని ఇటాలియన్ హాల్ మేడ మీద సమ్మె కుటుంబాల పిల్లలకు క్రిస్మస్ విందు జరుగుతుండగా ఎవరో ‘మంటలు’ అని అరిచారు. మంటల్లేవు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. అరిచిందెవరో ఈనాటికీ తేలలేదు. మరుసటి ఏప్రిల్‌లో కార్మికులు ఓడిపోయి పనిలోకి వెళ్లారు. ఆ భవనాన్ని 1984లో కూల్చేసి, గుమ్మం కమానును మాత్రం ఉంచారు.

1910లో హోటన్ కౌంటీ జనాభా 88 వేలు. 2020లో 37 వేలు. 1968లో కాల్యుమెట్ అండ్ హెక్లాలో మరో సమ్మె మొదలైంది, గనులు మళ్లీ తెరుచుకోలేదు. ఇప్పుడు యూనివర్సిటీ, టూరిస్టులు, 1992లో ఏర్పడిన కీవెనా జాతీయ చారిత్రక పార్కు ఊళ్లను నిలబెడుతున్నాయి.

కంపెనీలు పోయినా వాటి చెత్త ఎటూ పోలేదు. గని నుంచి తీసిన రాతిని మిల్లుల్లో పిండి కొట్టి, రాగిని వేరుచేసి, మిగిలిన బూడిదరంగు ఇసుకను నీళ్లలోకి వదిలేవారు. హోటన్ దగ్గరి టార్చ్ లేక్‌లోకి అలా సుమారు 20 కోట్ల టన్నులు చేరాయి. 1986లో ప్రభుత్వం దాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే ప్రమాదకర వ్యర్థాలు తొలగించాల్సిన చోట్ల జాబితాలో పెట్టింది. కీవెనా కౌంటీలోని గే అనే ఊరి మిల్లులు 1901 నుంచి 1932 వరకు 2 కోట్ల టన్నులకు పైగా ఇసుకను సుపీరియర్ ఒడ్డున పోశాయి. అలలు దాన్ని ఏటా దక్షిణానికి నెడుతున్నాయి. అటువైపే బఫెలో రీఫ్ ఉంది. వైట్‌ఫిష్, లేక్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే రాతిగుట్ట అది. ఇసుక రాళ్ల సందుల్ని పూడ్చేస్తోంది, అందులో మిగిలిన రాగి నీటిలోని చిన్న జీవుల్ని చంపుతోంది. 1842లో ఒజిబ్వేలు పట్టుబట్టి నిలుపుకున్న హక్కు ఈ చేపల మీదే. ఈ ఇసుకను తవ్వి తీసే ఖర్చు భరిస్తున్నది ప్రజాధనం. మిల్లుల యజమానులు డివిడెండ్లు పంచుకుని ఎప్పుడో వెళ్లిపోయారు.

ఇప్పుడు కరెంటు కార్లకు, విద్యుత్ లైన్లకు రాగి కావాలంటూ ప్రపంచమంతా మళ్లీ గనుల వైపు చూస్తోంది. కీవెనాకు నైరుతిన, అదే సరస్సు తీరానికి దగ్గర్లో కాపర్‌వుడ్ పేరిట కొత్త గనికి ప్రయత్నాలు జరుగుతున్నాయి. దీనికి 5 కోట్ల డాలర్ల ప్రభుత్వ సాయం ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. రాగి వద్దని మేం అనడం లేదు. ఈ సంపాదకీయం మీ ఫోన్‌కు చేరడానికీ రాగి తీగ కావాలి. కానీ పాత గని చెత్త ఎత్తడానికి పన్నులు కట్టేవాళ్లనే కొత్త గని తవ్వడానికీ డబ్బు అడగడం ఏం న్యాయం? గని మూసాక శుభ్రం చేసే ఖర్చుకు కంపెనీ ముందే పూచీకత్తు సొమ్ము చూపాలని మిషిగన్ 2004లోనే చట్టం చేసుకుంది. మన దేశంలోనూ బొగ్గు గనుల మూసివేత ఖర్చును ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప కంపెనీ వాడుకోలేని ఖాతాలో దాచాలని 2009 నుంచి నిబంధన ఉంది. సింగరేణికీ అది వర్తిస్తుంది. ఆ మొత్తాన్ని లెక్కగట్టేటప్పుడు గని మూసిన నాటి ఖర్చొక్కటే చూస్తే చాలదు. గే మిల్లులు ఆగి తొంభై ఏళ్లు దాటినా ఇసుక ఇంకా కదులుతూనే ఉంది. పూచీకత్తును అన్నేళ్ల ఖర్చుకు సరిపడా కట్టించాలి. ఏ ఖాతాలో ఎంత ఉందో గని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఏటా చెప్పాలి.