సూపర్ ఈగో బలహీనమైతేనే నేరమా?

నేరాల వెనక మానసిక కారణాల మీద వచ్చిన ఒక వ్యాసం, సూపర్ ఈగో (తప్పొప్పులు ఎంచి మందలించే మనసులోని భాగం) బలహీనంగా ఉంటే మనిషి నేరం చేస్తాడని ఒక్క ముక్కలో తేల్చేసింది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1916లో రాసింది దాదాపు దీనికి తిరగేసిన మాట. కొందరిలో అపరాధ భావన నేరం కంటే ముందే ఉంటుంది. అది ఈడిపస్ దశ కోరికల (పసితనంలో తల్లిదండ్రుల్లో ఒకరిపై మోహం, ఇంకొకరిపై పగ) నుంచి పుట్టి, ఎందుకో తెలియకుండానే వేధిస్తుంది. ఏదో తప్పు చేస్తే ఆ బరువుకు ఒక కారణం దొరికి మనసు కుదుటపడుతుంది. అంటే ఇక్కడ సూపర్ ఈగో మరీ కఠినం. ఇలాంటివాళ్లకు శిక్ష పెంచితే భయం పుట్టదు, వెతుక్కున్నదే దొరుకుతుంది. అయితే అసలు పశ్చాత్తాపమే ఎరగనివాళ్లను ఆయన ఈ వివరణలో కలపలేదు.

తల్లీబిడ్డల ఎడబాటుపై పరిశోధించిన బ్రిటిష్ మానసిక వైద్యుడు బౌల్బీ 1944లో ఇచ్చిన లెక్కల్ని కూడా ఆ వ్యాసం సగమే చెప్పింది. లండన్ క్లినిక్‌లో దొంగతనాలు చేసిన పిల్లలు 44 మంది, చేయనివాళ్లు మరో 44 మంది. మమకారం లేనివాళ్లని తేల్చిన 14 మందిలో 12 మంది పసితనంలో తల్లికి చాలాకాలం దూరమైనవాళ్లు. మిగతా 30 మంది దొంగల్లో 5 మంది, రెండో గుంపులో ఇద్దరే. తేడా పెద్దదే, కాదనను. కానీ పిల్లల్ని పరీక్షించి ఆ ముద్ర వేసింది వాళ్ల ఎడబాటు సంగతి తెలిసిన బౌల్బీయే. పోల్చిన పిల్లలూ ఏదో ఇబ్బందితో అదే క్లినిక్‌కి వచ్చినవాళ్లే. పైగా 44 మందిలో 27 మంది అలాంటి దీర్ఘ ఎడబాటు లేకుండానే దొంగతనాలకు దిగారు. ఎడబాటు ఒక్కదానితో వాళ్ల సంగతి తేలదు.