పురుగుకు ఎనిమిదేళ్లు, ప్రాజెక్టుకు మూడేళ్లు

బోదకాలు పురుగు మనిషి లింఫు నాళాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. దానిపై పనిచేసే యువ శాస్త్రవేత్త చేతికొచ్చే ప్రాజెక్టు మామూలుగా మూడేళ్లకే ముగుస్తుంది. ఇమ్యునాలజీని (రోగనిరోధక శాస్త్రం), పారాసైటాలజీని (పరాన్నజీవుల శాస్త్రం) కలిపి పట్టుకున్నవారి బతుకు ఈ లెక్క తేడాలోనే నలుగుతోంది.

తీరంలో బోదకాలు, మన్యంలో మలేరియా విశాఖకు గడప ముందరి జబ్బులు. ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలయ్యాయి. బోదకాలుకు నేటికీ ఇస్తున్న డీఈసీ మాత్ర 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడింది. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పేరు సభల్లో ఘనంగానే వినిపిస్తుంది, ఫ్రీజర్ కొనాల్సిన వేళకే ఎవరికీ గుర్తుండదు.

అసలు చిక్కు ప్రశ్న ఒకటుంది. నెత్తురు నిండా పిల్ల పురుగులున్న మనిషికి కాళ్లు మామూలుగానే ఉంటాయి. కాలు ఏనుగు పాదంలా వాచినవారి నెత్తుట్లో చాలాసార్లు ఒక్క పురుగూ దొరకదు. మొదటివారి ఒంట్లో రోగనిరోధక స్పందనను తగ్గించే ఐఎల్-10 అనే ప్రొటీను, ఐజీజీ4 అనే యాంటీబాడీ పెరిగి ఉంటాయి. అంటే పురుగు రోగనిరోధక వ్యవస్థను జోకొట్టి పడుకోబెట్టిందన్నమాట. ఆ జోల ఎప్పుడు, ఎందుకు తెగుతుందో తెలియాలంటే అదే మనిషి నెత్తురును ఏళ్ల తరబడి చూస్తూ పోవాలి.

చూడటమూ తేలిక కాదు. పిల్ల పురుగులు పైనెత్తుట్లోకి ఎక్కువగా వచ్చేది రాత్రి పది నుంచి రెండు మధ్య. పగలు తీసిన స్లైడ్ చాలాసార్లు అబద్ధం చెబుతుంది. వేలి నుంచి తీసిన 20 ఘనపు మిల్లీమీటర్ల నెత్తురును మందంగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఉత్త నీటిలో ఎరుపు దించాకే రంగు వేయాలి. ముందే మిథనాల్‌లో ముంచితే ఎరుపు దిగదు. మన సముద్రపు తేమలో ఆరీ ఆరని పూత కడుగుతుండగానే జారిపోతుంది. పురుగు విడిచే పదార్థాన్ని పట్టే యాంటిజెన్ స్ట్రిప్ పగలూ పనిచేస్తుంది కానీ సరిగ్గా పది నిమిషాలకే చదవాలి. ఆలస్యమైతే లేని గీత తేలుతుంది.

నెత్తుట్లోని రోగనిరోధక కణాలను వేరుచేసే పని దీనికంటే కఠినం. గడ్డకట్టనివ్వని హెపారిన్ ట్యూబులో తీసిన నెత్తురును ఐసులో పెట్టకూడదు, గది వేడిమిలోనే ఉంచి ఎనిమిది గంటల్లోపు వేరుచేయాలి. కణాలను బరువును బట్టి విడదీసే ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పోసి, 400 జీ (భూమి ఆకర్షణకు 400 రెట్ల బలం) వద్ద అరగంట తిప్పాలి. ఆగేటప్పుడు సెంట్రిఫ్యూజ్ బ్రేకు వేస్తే విడిన కణాల పొర కలిసిపోతుంది. మన్యంలోని పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లకు పైబడిన ఘాట్ ప్రయాణంలో ఒక్క లారీ అడ్డం పడితే ఆనాటి నమూనాలకు ఆశ వదులుకోవాల్సిందే. ఆలస్యమైన నెత్తుట్లో గ్రాన్యులోసైట్లనే వేరే రకం తెల్లకణాలు ఆ పొరలోకి చేరి ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

వేరుచేసిన కణాలను గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ పది శాతం కలిపిన ద్రవంలో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి మైనస్ 80కి, అక్కణ్నుంచి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి మార్చాలి. కరెంటు పోకపోయినా నైట్రోజన్ ఆవిరవుతూనే ఉంటుంది. దాన్ని నిలవుంచే క్యాన్‌లో మట్టం చూసి మళ్లీ నింపే మనిషి ఉండాలి. ఆ మనిషి ప్రాజెక్టు అసిస్టెంటు. ప్రాజెక్టు ముగిస్తే ఆయన ఉండడు. క్యాన్ ఎండుతుంది. మరో పదేళ్లకైనా కొత్త పరీక్షకు పనికొచ్చే కణాలు ఒక సెలవుల వారంలో చచ్చిపోతాయి. పరిశోధకులకిచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42 వేలు, అదీ సకాలంలో చేతికందితే. ఐదేళ్లు గడిచాక ఎటూ తేలని ఆ పరిశోధకుడు ఊరు వదలడంలో వింత లేదు.

వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం కలిసి విశాఖలో ఒకే సీరం, కణ భాండాగారం నడపాలి. నైట్రోజన్ ఖర్చును ప్రాజెక్టు పద్దు నుంచి తీసి ఏటా వచ్చే రెగ్యులర్ బడ్జెట్లో చేర్చాలి. రెండు శాశ్వత టెక్నీషియన్ పోస్టులివ్వాలి, ఒకటైతే ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజు క్యాన్‌కు దిక్కుండదు. పాడేరులో సెంట్రిఫ్యూజ్, జనరేటర్ ఉన్న చిన్న గది ఏర్పాటు చేస్తే ఘాట్ దిగకముందే కణాలు వేరవుతాయి. ఇక బోదకాలుపై ప్రాజెక్టు గడువు ఎనిమిదేళ్లు ఉండాలి, నాలుగో ఏట గట్టి సమీక్ష జరగాలి. సమీక్షలో తేలిపోయినవాటిని అక్కడే ఆపేయొచ్చు, క్యాన్‌ను మాత్రం ఆపకూడదు.