48 దగ్గర ఏం జరుగుతుంది? కంట్రోల్ సిస్టమ్స్ పాఠం ఎక్కడ మొదలవ్వాలి

ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) రెండో ఏడాది కంట్రోల్ సిస్టమ్స్, అంటే యంత్రాలను అదుపులో పెట్టే శాస్త్రం, క్లాసులో ఒక రోజు బోర్డు మీద లెక్క వేశాను. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (సిస్టమ్‌లోకి వెళ్లేదానికీ బయటికి వచ్చేదానికీ ఉన్న లెక్క) కె బై ఎస్ ఇంటూ ఎస్ ప్లస్ 2 ఇంటూ ఎస్ ప్లస్ 4, యూనిటీ ఫీడ్‌బ్యాక్ (వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చి పోల్చుకోవడం). సిస్టమ్ స్టేబుల్‌గా, అంటే అదుపు తప్పకుండా, ఉండాలంటే కె, అంటే తేడాకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే గెయిన్, ఎంతవరకు ఉండొచ్చు? ప్రశ్నపత్రాల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న రకమే. నాలుగైదు నిమిషాల్లో సగం క్లాసు రౌత్ టేబుల్ (సిస్టమ్ స్టేబులో కాదో తేల్చే పట్టిక) వేసేసింది. సున్నా కంటే ఎక్కువ, 48 కంటే తక్కువ. జవాబు సరైనదే.

"మరి కె సరిగ్గా 48 అయితే?" అని అడిగాను.

"మార్జినల్లీ స్టేబుల్ సార్" అని నాలుగు గొంతులు ఒకేసారి వినిపించాయి.

"అంటే ఏంటి? ఇక్కడ టేబుల్ మీద ఒక మోటారు ఉందనుకోండి. మీ కంటికి ఏం కనబడుతుంది?"

ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ అందరికంటే ముందు చెయ్యెత్తే అమ్మాయి కూడా నోట్సులోకి చూస్తూ ఉండిపోయింది. జవాబు ఆ నోట్సులోనే ఉంది. అదే టేబుల్లో ఎస్ స్క్వేర్ వరుస నుంచి ఆక్సిలరీ ఈక్వేషన్ రాస్తే ఊగే వేగం సెకనుకు 2.83 రేడియన్లని వస్తుంది. అంటే మోటారు షాఫ్టు ఆగకుండా, పెరగకుండా, తగ్గకుండా ఇటూ అటూ ఊగుతూనే ఉంటుంది. ఒక్కో ఊపుకు దాదాపు 2.2 సెకన్లు. ఆ అంకెను పిల్లలు ఎన్నోసార్లు కట్టారు. అది ఒక ఊపు అని వాళ్లకు ఎవరూ చూపించలేదు. నేను కూడా చూపించలేదు.

మన కాలేజీల్లో కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే తీరులో అసలు లోపం ఇక్కడే ఉందని నా నమ్మకం. సిలబస్ పాతబడిందని, ల్యాబుల్లో సామాన్లు లేవని, పిల్లలకు లెక్కలు రావని రకరకాలుగా అంటుంటాం. వాటిలో కొంత నిజం ఉంది. అయితే అంతకంటే పెద్ద సమస్య వరుసది. ముందు లాప్లాస్, తర్వాత బ్లాక్ డయాగ్రాములు, తర్వాత టైమ్ రెస్పాన్స్, రౌత్, రూట్ లోకస్, బోడే, నైక్విస్ట్, చివర్లో స్టేట్ స్పేస్. ఒక యంత్రం అదుపు తప్పడం అనేదాన్ని ఒక్కసారి కూడా చూడకుండానే, దాన్ని అదుపులో పెట్టే లెక్కలన్నీ నేర్చేసుకుంటారు. జబ్బు తెలియకముందే మందుల పేర్లు బట్టీ పట్టించినట్టు ఉంటుంది.

ఈ శాస్త్రం పుట్టిన వరుస దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి గవర్నర్, అంటే వేగాన్ని దానంతట అదే అదుపు చేసే పరికరం, బిగించాడు. వేగం పెరిగితే అందులో తిరిగే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి. రాను రాను యంత్రాలు మెరుగుపడ్డాయి, గవర్నర్ల పనితనమూ పెరిగింది. అప్పుడు ఒక వింత మొదలైంది. వేగం ఒక చోట నిలవకుండా పెరుగుతూ తగ్గుతూ ఊగేది. దాన్ని హంటింగ్ అన్నారు. పవర్ ప్లాంట్లలో ఇంజినీర్లు ఈ రోజుకీ అదే మాట వాడతారు. అలా ఎందుకు జరుగుతోందని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1868లో లెక్క కట్టాడు. ఆ దారిలోనే 1877లో రౌత్ తన పద్ధతి ఇచ్చాడు. మన పిల్లలు నాలుగు నిమిషాల్లో వేసేసే టేబుల్ ఆ ఊగిసలాటకు దొరికిన జవాబు. మనం ప్రశ్న దాచిపెట్టి జవాబు మాత్రం చెబుతున్నాం.

ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఇందులో ఇంకా దగ్గరి కథ ఉంది. 1927 ఆగస్టులో బెల్ ల్యాబ్స్ (అమెరికాలోని టెలిఫోన్ పరిశోధనశాల) ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద ఫెర్రీలో ఆఫీసుకు వెళ్తూ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసేసేది) ఆలోచనను చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే రాసుకున్నాడు. దూరప్రాంతపు టెలిఫోన్ లైన్లలో గొంతు చెడిపోకుండా ఉండాలి, అదీ అవసరం. తీరా కడితే కొన్ని యాంప్లిఫయర్లు వాటంతట అవే కూతలు పెట్టేవి. ఏవి కూస్తాయో, ఏవి కూయవో 1932లో నైక్విస్ట్ తేల్చాడు. ఆయనదీ బెల్ ల్యాబ్సే, బోడేదీ బెల్ ల్యాబ్సే. ఈ సబ్జెక్టులో సగం మన బ్రాంచి పెద్దలు టెలిఫోన్ లైన్ల కోసం పడ్డ తంటా. అయినా మా పిల్లల్లో చాలామందికి నైక్విస్ట్ అంటే "ఛాయిస్‌లో వదిలేసే ప్రశ్న". యూనిట్‌కు ఒక ప్రశ్న, అందులో ఇదో అదో అన్న పేపర్లో బోడే రాసేస్తే నైక్విస్ట్ ముట్టుకోనక్కర్లేదు.

ఆ రోజు క్లాసు తర్వాత నాకు మనసు కుదుటపడలేదు. తర్వాతి వారం ఒక చిన్న సెట్టు తయారు చేసుకుని వెళ్లాను. ఎన్‌కోడర్ (షాఫ్టు ఎంత తిరిగిందో చెప్పేది) ఉన్న చిన్న డీసీ మోటారు, డ్రైవర్ బోర్డు, ఒక ఆర్డునో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు), పాత ల్యాప్‌టాప్ అడాప్టర్. షాఫ్టుకు ఐస్‌క్రీమ్ పుల్ల అతికించి, చివర ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాను, వెనక బెంచీకి కూడా కనబడాలని. పుల్ల పన్నెండు గంటల దగ్గర నిలబడాలి. ఎవరైనా వేలితో పక్కకు తోస్తే తిరిగి అక్కడికే రావాలి. ప్రపోర్షనల్ కంట్రోల్, అంటే తేడా ఎంతో దానికి తగ్గట్టే తోపు, అంతకుమించి ఏమీ లేదు.

గెయిన్ తక్కువగా పెడితే పుల్ల బద్ధకంగా వచ్చి, అనుకున్న చోటికి కాస్త ముందే ఆగిపోయింది. "సార్, పూర్తిగా రాలేదు" అన్నారు. బేరింగుల రాపిడిని గెలిచే బలం ఇవ్వలేదన్నమాట. పెంచాను. చురుగ్గా వచ్చింది. ఇంకా పెంచాను. గీత దాటి వెళ్లి, వెనక్కొచ్చి, రెండు మూడు ఊపుల తర్వాత నిలబడింది. ఓవర్‌షూట్ అన్న మాట నేను అనకముందే వెనక నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు కోడ్‌లో ఒక్క మార్పు చేశాను. చదివిన కొలతను వెంటనే వాడకుండా పది శాంపిళ్ల పాతది వాడమన్నాను. ఒక్కో శాంపిల్‌కు 10 మిల్లీసెకన్లు, మొత్తం సెకనులో పదో వంతు ఆలస్యం. గెయిన్ ముట్టుకోలేదు. మోటారు మారలేదు. పుల్లను వేలితో తోయగానే ఊగడం మొదలైంది, ప్రతి ఊపూ అంతకుముందు దానికంటే పెద్దది. కాసేపటికి టేబుల్ కూడా అదరడం మొదలైంది. ముందు బెంచీలో పిల్లలు వెనక్కి జరిగారు. నేను ప్లగ్ పీకేశాను.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పుస్తకంలో ఈ మోటారుకు రాసే మోడల్ సెకండ్ ఆర్డర్ (రెండో ఘాతం వరకే ఉన్న సమీకరణం). ఆ మోడల్ ప్రకారం గెయిన్ ఎంత పెంచినా సిస్టమ్ అన్‌స్టేబుల్ కాదు. రూట్ లోకస్ (గెయిన్ మారితే సిస్టమ్ తీరు ఎలా మారుతుందో చూపే గీత) గీసిన పిల్లలకు అది తెలుసు. మరి కళ్లెదుట అయిందేంటి? ఈ ప్రశ్న పిల్లల్లోంచి వచ్చిన క్షణం నుంచి ఫేజ్ (ఊపులో ఎంత వెనకబడ్డామో చెప్పే కోణం) అనే మాటకు ప్రాణం వచ్చింది. ఆలస్యం గెయిన్‌ను మార్చదు, ఫేజ్‌ను తినేస్తుంది. సెకనుకు 10 రేడియన్ల దగ్గర సెకనులో పదో వంతు ఆలస్యమంటే ఒక రేడియన్, అంటే 57 డిగ్రీలు పోయినట్టే. చేతిలో ఉన్న ఫేజ్ మార్జిన్ అంతకంటే తక్కువైతే ఊపు పెరగక తప్పదు. ఫేజ్ మార్జిన్ అంటే "180 నుంచి తీసేస్తే వచ్చేది" అని రాసుకున్న పిల్లలు ఆ రోజు దాన్ని "ఎంత లేటు తట్టుకోగలం" అని అర్థం చేసుకున్నారు. బోడే ప్లాట్ (ఫ్రీక్వెన్సీని బట్టి గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో చూపే గ్రాఫు) ఎందుకు గీస్తామో నేను విడిగా చెప్పే పని పడలేదు.

ఈ సెట్టు కొనడానికి గ్రాంటు అక్కర్లేదు. ఖర్చు రెండు మూడు వేల దగ్గర తేలిపోతుంది, అరవై మందికి ఒక్కటి చాలు. చాలా ల్యాబుల్లో ఉండే కిట్లలో అంతా పెట్టెలోపల ఉంటుంది. నాబ్ తిప్పి, మీటర్ చూసి, టేబుల్ నింపి, సంతకం పెట్టించుకుంటారు. గెయిన్ కూడా హద్దు దాటనంతే ఇచ్చి ఉంటారు, కిట్ పాడవకూడదని. స్టెబిలిటీ నేర్పాల్సిన పరికరం ఎప్పటికీ అన్‌స్టేబుల్ కాకుండా చూసుకుంటున్నాం.

మొదటి క్లాసు ఉదాహరణలు కూడా మనవి కావు. ఓపెన్ లూప్ అంటే బ్రెడ్ టోస్టర్ అని చెబుతాం. క్లాసులో ఎంతమంది ఇంట్లో టోస్టర్ ఉంటుంది? మన నడినెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. ఎండాకాలం సాయంత్రం పల్లెలో ఓల్టేజీ పడిపోతే రెగ్యులేటర్ ఐదు మీదే ఉన్నా ఫ్యాన్ ఈడుస్తుంది. తను నెమ్మదించానని ఫ్యాన్‌కు తెలియదు. ఓపెన్ లూప్ అంటే అదీ. రైతు కుటుంబాల పిల్లలకు ఆటోస్టార్టర్లు కూడా తెలుసు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆన్ అయిపోతుంది, పొలానికి నీళ్లు చాలాయా లేదా అని చూసుకోదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను పదేపదే కోరింది ఇందుకే. ఫీడ్‌బ్యాక్ లేని చోట నీళ్లు పారుతూనే ఉంటాయి. పైగా కరెంటు వచ్చిన క్షణంలో ఫీడర్ మీద మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. స్టెప్ ఇన్‌పుట్‌కు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు.

ఇక గ్రిడ్. ఎలక్ట్రికల్ వాళ్లకు కంట్రోల్ చెప్పాలంటే దేశమంతా పరుచుకున్న ప్రయోగశాల అది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసినప్పటి నుంచి అందరికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. లోడు పెరిగితే 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది, తగ్గితే పైకి లేస్తుంది. జారినప్పుడు జనరేటర్ల గవర్నర్లు స్పందిస్తాయి. రామగుండంలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్‌కు 5 శాతం డ్రూప్ (ఫ్రీక్వెన్సీ 5 శాతం పడితే పూర్తి సామర్థ్యమంత పెంచాలన్న అమరిక) పెట్టారనుకుందాం. ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే అది 20 మెగావాట్లు పెంచాలి. ఇది అచ్చమైన ప్రపోర్షనల్ కంట్రోల్. అందుకే పని జరుగుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మళ్లీ సరిగ్గా 50కి రాదు. కొంత తేడా మిగిలిపోతుంది. పుస్తకంలో స్టెడీ స్టేట్ ఎర్రర్ అని ఫార్ములాతో బట్టీ పట్టేది దీన్నే. ఆ మిగిలిన తేడాను తుడిచేయడానికి ఇంటెగ్రల్ చర్య, అంటే తేడాను పోగు చేసుకుంటూ సరిదిద్దడం, కావాలి. గ్రిడ్‌లో దాని పేరు ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్. మన దేశంలో 2018లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర మొదలైన ఆ ప్రయోగం తర్వాత విశాఖ పక్కన సింహాద్రి దాకా వచ్చింది.

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పిన సంగతి ఈ పిల్లలకు బాగా గుర్తుంది. అప్పుడు వాళ్లు బడి పిల్లలు. డిమాండ్ 12-13 వేల మెగావాట్లు తగ్గొచ్చని గ్రిడ్ నడిపేవాళ్లు అంచనా వేశారు. తగ్గింది 31,089 మెగావాట్లు. ఒక దేశానికి దేశం ఇచ్చిన స్టెప్ ఇన్‌పుట్ అది, దీపాలు మళ్లీ వెలగగానే వెనక్కి ఇంకో స్టెప్. అయినా ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యే నిలిచింది. ఎక్కువ భారం మోసింది జలవిద్యుత్తు. ఎందుకు జలవిద్యుత్తు, ఎందుకు బొగ్గు కాదు? నీటి గేటు మూసినంత వేగంగా బాయిలర్ వేడి తగ్గదు. ఇక్కడ కూడా ప్రశ్న ఆలస్యమే, టేబుల్ మీద పుల్ల ఊగినప్పటి ప్రశ్నే. ఈ ఒక్క ఉదాహరణను రెండు క్లాసులు లాగినా సిలబస్‌కు నష్టం లేదు.

టైమ్ ఎక్కడిది అంటారు తోటి లెక్చరర్లు. కొన్ని తగ్గించాలి. ఎనిమిది లూపుల సిగ్నల్ ఫ్లో గ్రాఫులకు మేసన్ ఫార్ములా వేయించడం ఓపికకు పరీక్షే తప్ప కంట్రోల్ కాదు. దానికి ఒక క్లాసు చాలు. పేజీ నిండా ఉన్న బ్లాక్ డయాగ్రామును ఒక పెట్టెకు కుదించే విద్య కూడా అంతే. ఎమ్, ఎన్ సర్కిల్స్ పూర్తిగా వదిలేసినా నాకు దిగులు లేదు. కానీ సెమీలాగ్ పేపర్ మీద చేత్తో బోడే గీయించడం మాత్రం మానకూడదు. సాఫ్ట్‌వేర్ క్షణంలో గీసిస్తుంది కదా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పోల్ (ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో హారం సున్నా అయ్యే చోటు) దగ్గర గీత ఎందుకు వంగిందో, ఫేజ్ ఎందుకు అంతకు ముందే జారడం మొదలుపెట్టిందో పెన్సిల్ పట్టిన చేతికి తెలిసినట్టు మౌస్ పట్టిన చేతికి తెలియదు. గేట్ పరీక్ష రాసేవాళ్లకూ ఇదే ఎక్కువ పనికొస్తుంది. అక్కడ అడిగేది ఫార్ములా కంటే అర్థం.

భాష సంగతి ఒక్క మాట. ఇంగ్లిష్‌లో "బౌండెడ్ ఇన్‌పుట్ బౌండెడ్ అవుట్‌పుట్" అని అప్పజెప్పే పిల్లవాడినే "తగ్గుతూ ఊగుతోందా, పెరుగుతూ ఊగుతోందా?" అని అడిగితే పోల్స్ ఎటువైపు ఉన్నాయో టక్కున చెబుతాడు. టెర్మ్ ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి, ఆలోచన తెలుగులో సాగనివ్వండి.

ఇవన్నీ ప్రశ్నపత్రం మారితేనే నిలుస్తాయి. పరీక్షలో అడగనిదాన్ని పిల్లలు రెండో వారానికే పక్కన పెడతారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. ప్రశ్నను పెద్దగా మార్చక్కర్లేదు. ఆ పాత ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌నే తీసుకుందాం. కె 8 పెడితే గెయిన్ క్రాసోవర్ (మొత్తం గెయిన్ ఒకటయ్యే చోటు) సెకనుకు దాదాపు 0.9 రేడియన్ల దగ్గర పడుతుంది, ఫేజ్ మార్జిన్ 53 డిగ్రీల చిల్లర వస్తుంది. దాన్ని రేడియన్లలోకి మార్చి క్రాసోవర్‌తో భాగిస్తే సెకను కంటే కాస్త ఎక్కువ. అంత ఆలస్యాన్ని ఆ సిస్టమ్ తట్టుకుంటుంది. కె 16 చేస్తే క్రాసోవర్ 1.5కి జరుగుతుంది, మార్జిన్ 33 డిగ్రీల లోపుకు పడిపోతుంది, తట్టుకోగల ఆలస్యం 0.38 సెకన్లు. రౌత్ లెక్కలో 8 అయినా 16 అయినా 48 కంటే చాలా తక్కువే, రెండూ ఒకేలా కనబడతాయి. ఈసారి మిడ్ పరీక్షలో ఇచ్చిన ప్రశ్న ఇది: "సెన్సర్ రీడింగ్ అర సెకను ఆలస్యంగా వస్తోంది. కె 8 ఉంచుతారా, 16 చేస్తారా? 16 చేస్తే మోటారు ఎలా ప్రవర్తిస్తుందో మీ మాటల్లో రాయండి." చివరి వాక్యానికి సగం మార్కులు పెట్టాను. మొదటి రోజు నోట్సులోకి చూస్తూ ఉండిపోయిన అమ్మాయి జవాబు పత్రంలో ఒక పుల్ల బొమ్మ గీసింది, చివర ఎర్ర చుక్కతో.