మా వంటింటి సొరుగులో కొలువైన మెయిల్ బ్యాలెట్ కవరు గారికి

మహారాజశ్రీ కవరు గారి దివ్యసముఖమునకు,

న్యూజెర్సీ నుంచి తమరి శాశ్వత ఓటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, కుశలంగా ఉన్నది తమరొక్కరే. పిజ్జా మెనూలకీ అయిపోయిన బ్యాటరీలకీ మధ్య హాయిగా పడుకుని ఉన్నారు. నేను మాత్రం నిన్న, అంటే 2025 నవంబరు 4న, గవర్నరు ఎన్నిక రోజున, తమరి పుణ్యమా అని మా ఊరి స్కూలు జిమ్‌లో పదిమంది ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

ఇంట్లోనే ఓటు నింపి పోస్టులో పంపమంటూ తమరు సెప్టెంబరు ఆఖర్లో, సరిగ్గా నవరాత్రులకి వేంచేశారు. బొమ్మల కొలువులో మూడో మెట్టు ఒరిగిపోతుంటే దాని కింద తమరినే దోపాను. దసరా దాకా కొండపల్లి ఏనుగు అంబారీని మోశారు. ఆ సేవ మరువలేనిది. దీపావళి నాటికి సున్నుండల డబ్బా కిందికి మారారు. నింపి పంపలేదని తమరికి మనసులో ఉంటుంది. అది బద్ధకం కాదండీ. ఈసారి లైన్లో నిలబడి, నా చేత్తో మెషిన్ మీద నొక్కి ఓటేయాలని పంతం పట్టాను.

2019లో సిటిజెన్ అయ్యాను. ఇప్పటిదాకా ఈ దేశంలో ఒక్కసారి కూడా ఓటింగ్ మెషిన్ ముందు నిలబడలేదు. 2020లో కోవిడ్, రాష్ట్రమంతా కవర్లే. 2021లో గవర్నరు ఎన్నిక నాటికి నాకు నిండు నెలలు. లైన్లో ఏం నిలబడతాంలే అని తమరి కోసం దరఖాస్తు పెట్టాను. ఆ ఫారంలో ‘ఇకపై జరిగే అన్ని ఎన్నికలకూ’ అని ఒక గడి ఉంది. అందులో టిక్కు పెట్టాను. ఎప్పుడు నొప్పులొస్తాయో అని టెన్షన్ పడుతున్న మనిషి ఏ గడిలో ఏం గీకిందో ఆవిడకే తెలియదు. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిస్తే తప్ప ముడిపడని బంధాలు మావి. తమరితో ఒక్క టిక్కుకే పడిపోయింది.

అసలు ఈ కవరు జాతకం మాకు వంశపారంపర్యమేమో. మా నాన్న తెనాలి దగ్గర సర్కారీ బడిలో మాస్టారు. ప్రతి ఎన్నికకీ డ్యూటీ పడేది, ఆయనకి పోస్టల్ బ్యాలెటే. ఆ బ్యాలెట్‌తో పాటు పంపాల్సిన 13-ఏ డిక్లరేషన్ మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరిగేవారు. పోలింగ్ రోజున ఊరందరి వేళ్లకీ సిరా పూసి, తన వేలు మాత్రం ఖాళీగా ఇంటికి తెచ్చుకునేవారు. మా అమ్మ తన వేలు చూపించి ఏడిపించేది.

ఆ వేలు గుర్తొచ్చే, నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి ముందే వచ్చేసి, నాలుగేళ్ల మా పిల్లని తీసుకుని మా ఆయనతో బయల్దేరాను. అన్నట్టు, తమరిని కూడా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను, గుర్తుందా? డెలావేర్ నది అవతల, పెన్సిల్వేనియాలో మా ఆడపడుచు ఉంటుంది. అక్కడ ఇంటికొచ్చిన బ్యాలెట్నీ, దాని కవర్నీ పట్టుకెళ్లి పోలింగ్ చోట అప్పగించి, ఒక సంతకం పెడితే మామూలుగా ఓటేయనిస్తారట. “పోగొట్టుకోకు వదినా, వెంట తీసుకెళ్లు” అని ఫోన్లో పదిసార్లు చెప్పింది. కాలిఫోర్నియాలోనూ అంతేనట.

టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ ట్యాబ్లెట్‌లో నా పేరు వెతికింది. మొహం పక్కకి పెట్టి, “హనీ, నీకు మెయిల్ బ్యాలెట్ పంపించారుగా” అంది. ఆ మాట కోసమే చూస్తున్నట్టు తమరిని బ్యాగులోంచి తీసి, విప్పకుండా, చుక్క సిరా పడకుండా, పెళ్లి శుభలేఖలా రెండు చేతులతో అందించాను. ఆవిడ చెయ్యి చాపలేదు. “ఇక్కడ ఇది తీసుకోం. మెయిల్‌కి అప్లై చేసినవాళ్లు మెషిన్ మీద వెయ్యకూడదు. నీకు ప్రొవిజనల్, అంటే తర్వాత సరిచూసుకుని లెక్కపెట్టే బ్యాలెట్, ఇస్తాను” అంది.

ఇక ‘తమరు’ అనడం నా వల్ల కాదు.

నువ్వు ఖాళీగా ఉన్నావు. నీ మీద గీత కూడా లేదు. నిన్ను ఆవిడ కళ్ల ముందే చింపేస్తానన్నాను. కుదరదంది. నువ్వు ఇంటికి రాకపోయినా, వచ్చాక కుక్క నమిలేసినా ఇదే రూలట. ఎప్పుడో నిన్ను అడిగిన పాపానికి, నిన్ను వాడినా వాడకపోయినా, మెషిన్ నాకు నిషిద్ధం. పక్క టేబుల్ దగ్గర మా ఆయన సంతకం పెట్టి, లోపలికెళ్లి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి ఫోన్ చూసుకుంటున్నారు. నేను ఓ మూల కూర్చుని పేరు, చిరునామా, పుట్టినతేదీ రాస్తున్నాను. రాసి, కాగితం బ్యాలెట్ నింపి, మడిచి, దాన్ని ఎందులో పెట్టమన్నారో చెప్పమంటావా?

కవర్లో.

నీ చెర వదిలించుకుందామని నాలుగు మైళ్లు వెళితే అక్కడ నీ తోబుట్టువు ఎదురొచ్చింది. “అమ్మా, నాన్నకి మెషిన్ ఇచ్చారు, నీకెందుకు కవరిచ్చారు?” అని మా పిల్ల ఆ జిమ్ అంతా వినపడేలా అడిగింది. ఏం చెప్పను? నువ్వు కడుపులో ఉన్నప్పుడు టిక్కు పెట్టానమ్మా అని చెప్పనా?

కారణం నాకూ తెలుసులే. ఎనిమిదింటికి పోలింగ్ ముగిసినా, ఆ రోజు పోస్టు ముద్ర పడితే చాలు, 144 గంటల దాకా నువ్వు దారిలో ఉండొచ్చు. ఒకే మనిషి రెండు ఓట్లు వేయకుండా చూసుకోవాలి కాబట్టి నువ్వు రాలేదని తేలాకే నా ప్రొవిజనల్ విప్పుతారు. న్యాయమే. కాదనను. కానీ రాత్రి గవర్నరుగా మికీ షెరిల్ పెద్ద తేడాతో గెలిచారని టీవీలో చెప్పేశారు, జనం కేకలు వేశారు, మా ఆయన ఆవలించి పడుకున్నారు. నా ఓటు మాత్రం ఇంకా ఎక్కడో సంచీలో కూర్చుని, నా సొరుగులో ఉన్న నువ్వు రావని రూఢి కావడం కోసం ఎదురుచూస్తోంది.

ఇన్నేళ్లూ నీతో ఏమైనా సుఖపడ్డానా అంటే అదీ లేదు. లోపలి కవరు, దాని అంచుకి చించకూడని సర్టిఫికెట్, ఆ పైన ఇంకో కవరు. ఉల్లిపాయ కూడా ఇంత విసిగించదు. పైగా సంతకం! పెళ్లికి ముందొకటి, తర్వాతొకటి, హెచ్-1 వీసా క్యూలో అరిగిపోయింది మరొకటి. ఎన్నికల ఆఫీసులో సరిచూసుకోడానికి పెట్టుకున్నది ఏదో తెలియక ప్రతిసారీ పాత రొట్టెల కవరు మీద ప్రాక్టీసు చేసేదాన్ని.

సరే, ఒక్కటి ఒప్పుకోవాలి. పిల్ల పుట్టిన ఏడాది, పొట్టమీద పళ్లెం పెట్టుకుని, దాని మీద నిన్ను పెట్టుకుని ఓటేశాను. లోపల్నించి తన్నినప్పుడల్లా పెన్ను జారేది. స్కూల్ బోర్డు అభ్యర్థుల గురించి ఒక్కొక్కరినీ గూగుల్ చేసి మరీ తీరిగ్గా గడులు నింపాను. నిన్న మా ఆయన రెండు నిమిషాల్లో స్కూల్ బోర్డుకి ఎవరికి వేశారో ఆయనకే గుర్తులేదు.

‘ఓటేశాను’ స్టిక్కరు నాకూ ఇచ్చారు. ఇంటికొచ్చాక పిల్ల దాన్ని నా జాకెట్టు మీదనుంచి పీకి, నీ నెత్తిన అంటించింది.

నువ్వు వద్దని చెప్పాలంటే రాతపూర్వకంగా చెప్పాలట. రాత్రే ఆ ఫారం ప్రింట్ తీసి, నింపి, నా ఉత్తమ సంతకం పెట్టాను. దాన్నీ పోస్టులోనే పంపుతున్నాను. నీకైతే ప్రభుత్వమే పోస్టేజీ కట్టింది, దానికి నేను స్టాంపు కొనుక్కోవాలి. కొనేదాకా అది కూడా అదే సొరుగులో, నీ పక్కనే ఉంటుంది. కాస్త జరుగు.

ఇట్లు,
ప్రొవిజనల్ ఓటరు