చౌక బేస్ ఆంపులన్నీ ఏడాదికే పోతాయా?

బేస్ గిటార్ శబ్దాన్ని పెంచే పరికరమే బేస్ ఆంప్ (ఆంప్లిఫయర్). దాని గురించి వాయించేవాళ్ల మధ్య చాలాకాలంగా ఒక సలహా తిరుగుతోంది. "తక్కువ ధర బేస్ ఆంప్ కొంటే డబ్బు నీళ్లపాలే. బెహ్రింగర్ లాంటివి ఏడాది తిరక్కుండానే కాలిపోతాయి. వాటి మీద రాసే వాట్లన్నీ అబద్ధం. క్లాస్ డి (తేలికపాటి స్విచింగ్ రకం) ఆంప్ పాడైతే బాగుచేయడం కుదరదు. డబ్బు కూడబెట్టుకుని పెద్ద బ్రాండే కొనండి, జీవితాంతం ఉంటుంది." ఇందులో ఒక్క ముక్కలో నిజం ఉంది. మిగతాదంతా విన్నమాటను విన్నట్టు అప్పజెప్పడమే. దీన్ని నమ్మి, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏళ్ల తరబడి ఆంపే లేకుండా వాయిస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

ముందు బెహ్రింగర్ సంగతి. 1989లో జర్మనీలో మొదలైన ఈ కంపెనీకి చెడ్డపేరు ఊరికే రాలేదు. తమ మిక్సర్లను కాపీ కొట్టిందని 1997లో మాకీ అనే అమెరికా కంపెనీ కోర్టుకెక్కింది. రేడియో తరంగాల పరీక్షలు సరిగా చేయించలేదని 2006లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 10 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. రెండూ తీవ్రమైన ఆరోపణలే. అయితే ఒకటి కాపీ గురించి, ఇంకొకటి నిబంధనల గురించి. బేస్ ఆంపులు కాలిపోతున్నాయన్న మాట రెండింట్లోనూ లేదు. కాలక్రమంలో ఈ మచ్చలన్నీ కలిసిపోయి "ఆ బ్రాండ్ నిలబడదు" అనే ఒక్క మాటగా మిగిలాయి. బెహ్రింగర్ గ్రూపే 2009లో మిక్సర్లకు పేరున్న మైడాస్‌ను, 2015లో ఆడియో పరికరాల కంపెనీ టీసీ ఎలక్ట్రానిక్‌ను కొనేసింది. మైడాస్ పేరు వినగానే గౌరవం, బెహ్రింగర్ పేరు వినగానే వెటకారం. ఇలా తీర్పు చెప్పేవాళ్లు లోపలి సర్క్యూట్ చూసి చెబుతున్నారా, ముందు రాసిన పేరు చూసి చెబుతున్నారా?

పైగా తక్కువ ధర అంటే ఆ ఒక్క కంపెనీయే కాదు. పీవీని 1965లో మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌లో హార్ట్లీ పీవీ స్థాపించాడు. మామూలు సంగీతకారుల చేతికందే ధరకు అమ్మడమే ఆయన పద్ధతి. ఆ కంపెనీ పాత బేస్ కాంబోల (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) మీద అందరూ చెప్పే ఫిర్యాదు బరువు గురించే, పాడవడం గురించి కాదు. చవకైనవన్నీ త్వరగా పోతాయన్న సూత్రం అక్కడే ఆగిపోతుంది.

మరి ఆంపులు అసలెందుకు పోతాయి? అన్నిటికంటే ఎక్కువగా చూడాల్సింది ఇన్‌పుట్ జాక్, అంటే గిటార్ కేబుల్ గుచ్చే చోటు. చవక ఆంపుల్లో జాక్‌ను నేరుగా సర్క్యూట్ బోర్డుకే సోల్డర్ చేస్తారు. కేబుల్‌కు కాలు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ సోల్డర్ మీదే పడుతుంది. కొన్నాళ్లకు పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నటి వలయంలా పగులు వస్తుంది. భూతద్దం పెడితే తప్ప కనబడదు. కేబుల్ కదిపితే శబ్దం వస్తుంది, వదిలితే పోతుంది. "ఆంప్ చచ్చిపోయింది" అని మూలన పడేసే వాటిలో ఇవీ ఉంటాయి. పాత సోల్డర్ తీసి కొత్తది పెడితే ఆంప్ మళ్లీ పలుకుతుంది. ఇది చవక ఆంపుల్లో నిజమైన బలహీనతే, ఒప్పుకుంటాను. కానీ బలహీనత వేరు, కాలిపోవడం వేరు.

నిజంగా కాలిపోయే సందర్భాల్లో చాలావరకు తప్పు వెనకవైపు కనెక్షన్లలో ఉంటుంది. కనీసం 4 ఓంలు (విద్యుత్ నిరోధం కొలత) అని రాసి ఉన్న హెడ్‌కు, అంటే స్పీకర్ లేని విడి ఆంప్‌కు, రెండు 4 ఓంల క్యాబినెట్లు (స్పీకర్ పెట్టెలు) తగిలిస్తే లోడ్ 2 ఓంలకు పడిపోయి ఆంప్ మీద మోయలేనంత భారం పడుతుంది. స్పీకర్ కేబుల్ దొరక్క గిటార్ కేబుల్ వాడేవాళ్లున్నారు. అందులోని సన్నటి తీగ ఆ కరెంటుకు తట్టుకోదు. ఇక వేడి. ఆంప్ లోపల విద్యుత్తును నిల్వచేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి, గాలి వచ్చే రంధ్రాలు గోడకు ఆనించి ఉంటే ఏ బ్రాండ్ పేరూ కాపాడలేదు. మొదటిసారి కొనేవాళ్ల దగ్గర, పదిమంది చేతులు పడే ప్రాక్టీస్ గదుల్లో ఎక్కువగా ఉండేవి చవక ఆంపులే. ఈ దెబ్బలన్నీ తినేదీ అవే.

వాట్ల విషయంలో ఆ సలహాది సగం నిజం. పెట్టె మీద కనబడే పెద్ద అంకె చాలాసార్లు క్షణకాలపు పీక్ మాత్రమే. కానీ ఇది చవక బ్రాండ్ల సొంత రోగం కాదు. టీసీ ఎలక్ట్రానిక్ ఆర్‌హెచ్ 450 బేస్ హెడ్ వచ్చినప్పుడు చవక సరుకు కాదు. పేరులో 450 ఉన్నా అది నిలకడగా ఇచ్చే పవర్ సుమారు సగమేనని తేలి పెద్ద గొడవే అయింది. ఇంతకీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ (అదే పవర్‌కు ఎక్కువ శబ్దం ఇచ్చే గుణం) ఉన్న స్పీకర్‌తో కూడా అంత లాభమే వస్తుంది.

క్లాస్ డి బాగుచేయడం కుదరదన్నది చాలావరకు తప్పు. చిన్న చిన్న భాగాలను విడిగా మార్చడం కష్టమే కానీ, విడి పవర్ మాడ్యూల్ ఉన్న ఆంపుల్లో దాన్ని మొత్తంగా మార్చేయొచ్చు. కొనేముందు అడగాల్సింది విడిభాగాలు దొరుకుతాయా అని. ఖరీదైన తేలికపాటి హెడ్లలో ఉన్నదీ క్లాస్ డియే కాబట్టి, ఇదే లోపమైతే అది వాటికీ ఉన్నట్టే.

చివరిది, జీవితాంతం ఉంటుందన్న హామీ. దీనికి అందరూ చూపించేది 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీని. గొప్ప ఆంప్, సందేహం లేదు. కానీ దాని ఆరు పవర్ ట్యూబులూ (శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలు) వాడేకొద్దీ అరిగిపోయేవే. వాటిని మార్చాలి, మార్చాక బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు సర్దుబాటు) సరిచూడాలి, పాతబడ్డ కెపాసిటర్ల స్థానంలో కొత్తవి వేయించుకోవాలి. ఇన్నేళ్లుగా అవి పలుకుతున్నాయంటే వాటి యజమానులు ఆ పనులన్నీ చేయించారు కాబట్టే. ఆ శ్రద్ధలో పాతికవంతైనా జాక్ వదులైన చవక కాంబో మీద పెట్టి చూడండి.