రెండో రిసీవర్‌లోని తేడా

హోమ్ థియేటర్‌కు రిసీవర్ (టీవీ, ప్లేయర్‌ల నుంచి వచ్చే శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె) ఎంచుకోవడానికి నిన్న దుకాణానికి వెళ్లేటప్పుడు నేను చాలా చదువుకుని వెళ్లాను. ఆ చదువే కొంప ముంచింది.

ఒక రిసీవర్ అట్ట మీద ఛానెల్‌కు 80 వాట్లని, పక్కదాని మీద 150 వాట్లని ఉంటుంది. మొదటి అంకె 8 ఓమ్‌ల స్పీకర్లతో, రెండు ఛానెళ్లు ఒకేసారి మోగుతుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం డిస్టార్షన్ (అసలు శబ్దం చెడిపోవడం) దాటకుండా కొలిచినది కావచ్చు. రెండోది 6 ఓమ్‌లతో, ఒకే ఛానెల్‌ను నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌ను క్షమించి రాబట్టినది కావచ్చు. అంటే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. పైగా వాట్లు రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లే. ఇదంతా అక్కడి సేల్స్‌మన్‌కు వివరించి, ఎన్ని హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లు 4కే 120 హెర్ట్జ్‌ను (సెకనుకు 120 ఫ్రేముల 4కే వీడియోను) అందుకుంటాయని అడిగాను. "అన్నీ ఉంటాయి సర్" అన్నాడు. "అన్నీ" అంటే ఎన్ని అని మళ్లీ అడిగితే, "అంకెలు వదిలేయండి సర్, చెవులతో వినండి" అని డెమో గదిలోకి తీసుకుపోయాడు.

ఒకే జత స్పీకర్లు, ఆ స్పీకర్లను ఏ రిసీవర్‌కు కలపాలో మార్చే ఒక సెలెక్టర్ బాక్స్, రెండు రిసీవర్లు. మొదటిదాన్ని వినిపించాడు. తరువాత సెలెక్టర్ దగ్గర ఏదో టిక్కుమనిపించి, రిమోట్ నొక్కి, "ఇప్పుడు రెండోది" అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకోవలసిన అవసరమేమీ లేదు గానీ, సంగీతం తెలిసినవారు అలాగే వింటారని నాకొక నమ్మకం. మొదటిదానిలో మంద్ర స్వరాలు కాస్త మొద్దుబారి ఉన్నాయని, దీనిలో మృదంగం ఎడమవైపు, ఎడమంటే మరీ ఎడమ కాదు, గాయని భుజానికి కొంచెం వెనుకగా, స్పష్టంగా కూర్చుని ఉందని చెప్పాను. గాయని ఊపిరి తీసుకోవడం వినబడుతోందన్నాను. రెండు చరణాల నడుమ నిశ్శబ్దం కూడా ఇందులో మరింత నల్లగా ఉందన్నాను. నిశ్శబ్దానికి రంగు ఎక్కడిదని అడిగేవారెవరూ అప్పుడు అక్కడ లేరు. సేల్స్‌మన్ ప్రతి మాటకూ తల ఊపుతూ, "కరెక్టుగా పట్టారు సర్, అందరికీ తెలియదది" అంటూ వచ్చాడు. అతడు తల ఊపినకొద్దీ నా చెవులు పదునెక్కాయి. ఈ తేడా డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే చిప్‌ది అయి ఉంటుందని తీర్పు కూడా ఇచ్చాను.

అప్పుడు ర్యాకు వెనుక దుమ్ము తుడుస్తున్న కుర్రవాడు తల పైకెత్తి, "అన్నా, రెండోదానికి కరెంటు వైరే పెట్టలేదు" అన్నాడు.

సెలెక్టర్ మీట తిరిగి మొదటిదాని మీదికే వచ్చి ఆగిందట. రిమోట్‌తో అతడు చేసిందల్లా వాల్యూమ్‌ను రవంత పెంచడమే. ఒకటి రెండు డెసిబెల్‌ల పెంపు చెవికి ఎక్కువ శబ్దంగా తోచదు, మెరుగైన శబ్దంగా తోస్తుంది. ఇది కూడా నేను ముందే చదివి ఉన్నాను. రెండు రిసీవర్లను పోల్చేవారు శబ్ద స్థాయిని మీటరుతో సమానం చేసుకోవాలన్న చిన్న నియమాన్ని, దాన్నే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఎందుకు పాటించడో నాకు అర్థం కాదు. అతడి ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

"అయితే మీరు రెండుసార్లూ విన్నది మొదటిదే సర్. ఏది బిల్లు చేయమంటారు?" అన్నాడు.

రెండోదాన్నే కొన్నాను. నేను మాట్లాడుతున్నంత సేపూ ఆ గదిలో ఆపేసి ఉన్నది అదొక్కటే.