ఫార్మ్‌డాగ్ టెర్రియర్ కాదు

చిన్న కుక్కల జాతి అయిన డానిష్-స్వీడిష్ ఫార్మ్‌డాగ్‌ను ‘జాక్ రస్సెల్ టెర్రియర్ వంటిదే, పెద్దగా వ్యాయామం అక్కర్లేదు’ అని నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత ఒక్క వాక్యంలో తేల్చేయడం సరికాదని నా అభిప్రాయం. తెల్లని ఒంటి మీద నల్లని, గోధుమరంగు మచ్చలు చూసి చాలామంది అలాగే పొరబడతారు గానీ, అంతర్జాతీయ శునక సమాఖ్య దీనిని బొరియల్లోని జంతువులను వేటాడే టెర్రియర్లలో కాక, ఇంటి కాపలాకూ ఎలుకలు పట్టడానికీ పెంచిన పిన్షర్ల వర్గంలో చేర్చింది. డెన్మార్క్‌లోనూ దక్షిణ స్వీడన్‌లోనూ రైతుల ఇళ్ల దగ్గర ఎలుకలను పట్టడం, కొత్తవారు వస్తే మొరిగి చెప్పడం, పశువులను తోలడంలో సాయపడటం, మిగిలిన వేళల్లో పిల్లలతో ఆడుకోవడం దీని పనులు. చిన్న కమతాలు తగ్గి ఈ కుక్కలూ అరుదైపోతున్న దశలో, రెండు దేశాల శునక సంఘాలు కలిసి 1987లో ఈ ఉమ్మడి పేరుతో దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించాయి.

దక్షిణ స్వీడన్ నగరమైన మాల్మోలోని మా ఇంట్లో ఆరేళ్లుగా ఈ జాతి ఆడకుక్క ఉంది. ఎత్తు 34 సెంటీమీటర్లే. మనుషులు ఇంట్లో ఉన్నంతసేపూ సోఫా మూల ముడుచుకుని పడుకునే ఈ జీవి, పార్కులో ఉడుత కనబడితే మాత్రం ఎంత పిలిచినా వెనక్కి చూడదు కాబట్టి, కంచె లేనిచోట మేము పట్టీ విప్పము. కుందేళ్లు, హ్యామ్‌స్టర్లు పెంచే కుటుంబాలు మరీ ఆలోచించుకోవాలి. రోజూ రెండు పూటలా నడిపించడంతో పాటు, తిండి గింజలను తువ్వాలు మడతల్లో దాచి వాసనతో వెతికిస్తేనే దీని బుర్రకు పని దొరికి ఇంట్లో చెప్పులు మిగులుతున్నాయి. పొట్టి బొచ్చు కావడం వల్ల జనవరి చలిలో స్వెటర్ తొడగనిదే గడప దాటదు.